మరియదాసు తుడిచిన అద్దాలు

శివరాత్రి నాడు కోటప్పకొండ దారిలో కరెంటు ఉండదని నరసరావుపేటలో చంటిపిల్లకైనా తెలుసు. బండ్ల మీద కట్టి కొండకు తీసుకుపోయే ప్రభలు ఒక్కోటి తొంభై అడుగులు లేస్తాయి. అవి దాటాలంటే అడ్డమొచ్చిన తీగలు దించాలి, తీగలు దించాలంటే కరెంటు తీసెయ్యాలి. దేవుడికీ కరెంటాఫీసుకీ ఏటా కుదిరే ఈ ఒప్పందాన్ని ఎవరూ తప్పుపట్టరు. ఆ శివరాత్రి ఆదివారం పడింది. జసింత చర్చిలో పూజకు పోయొచ్చి దుకాణం తెరిచింది గానీ అద్దాల అంచులు అరగదీసే మిషనుకు కరెంటు లేదు. అట్టముక్కతో విసురుకుంటూ కూర్చుంది. అప్పుడు ఫోను మోగింది.

చేసింది శౌరయ్య. నకరికల్లు అవతల ఎర్రగుంటపాలెంలో పునీత జోజప్ప పేరున ఉన్న కేథలిక్ గుడికి ఆయన ఉపదేశి. గంట కొట్టేదీ, పిల్లలకు జపాలు నేర్పేదీ, ఫాదర్ గారు లేనప్పుడు చావులకు ప్రార్థన చెప్పేదీ ఆయనే. డెబ్బై దాటినా గొంతు తగ్గలేదు. ఫోన్లో మాట్లాడితే పక్కవీధికి వినపడుతుంది. ఆ రోజు మాత్రం మెల్లగా మాట్లాడాడు.

"అమ్మా జసింతా, జోజప్ప ముఖం పోయిందమ్మా. బాలయేసుదీ పోయింది, మరియమ్మదీ పోయింది. బట్టలు, చేతులు, చిత్రిక, అన్నీ ఉన్నయ్. ముఖాలే లేవు."

గుడి పడమటి గోడకున్న రంగుటద్దాల కిటికీ సంగతి ఆయన చెబుతున్నది. జోజప్ప వడ్రంగం చేస్తుంటే బాలయేసు చెక్క పట్టుకుని నిలబడతాడు, మరియమ్మ గుమ్మంలో ఉంటుంది. నిరుడే ముఖాలు పలచబడ్డాయట, మొన్నటి తుఫాను వానలకు పెచ్చులు రాలి పూర్తిగా పోయాయట. మార్చి పంతొమ్మిదిన గుడి పండుగ, బిషప్పు మేత్రాణులవారు పూజకు వస్తున్నారు. ముఖాల్లేని తిరుకుటుంబాన్ని ఆయనకెలా చూపిస్తారు? వచ్చే ఆదివారం కమిటీ కూర్చుంటోంది. పాతది పీకేసి, విజయవాడలో బొమ్మ ముద్రించిన గాజు తెచ్చి పెడదామంటున్నారు. అంతవరకైతే శౌరయ్య ఫోను చేసేవాడు కాదేమో. ఆ కిటికీ చేసిన జసింత తండ్రి మరియదాసు కల్తీ రంగు వేసి గుడిని మోసం చేశాడని కొందరు అంటున్నారట, ఆ మాట మిగతా విచారణలకు, వేరే ఫాదర్ల కింద ఉన్న ఊళ్ళకు కూడా పాకుతోందట. ఆయన వినలేకపోతున్నాడు.

వస్తాను బాబాయ్ అని జసింత ఫోను పెట్టేసింది. తండ్రిని దొంగ అన్నారని తెలిసింది, ఆ మాట ఎక్కడో తగలాలి కదా, ఎక్కడా తగల్లేదు. రెండేళ్ళుగా అంతే. ఈస్టరు దాటిన రెండు వారాలకు మరియదాసు పోయాడు. శవాన్ని ఐసుపెట్టెలో పెట్టి చుట్టాలంతా మూత మీద పడి ఏడుస్తుంటే, ఆ మూత అద్దం మీదున్న గీత చూసి, నాలుగు మిల్లీమీటర్లది, మంచి రకం కాదు అనుకుంది జసింత. కన్న కూతురై ఉండి కంట చుక్క రాలలేదని బంధువులు చెవులు కొరుక్కున్నారు. తల్లి ఫిలోమినా అయితే మొహానే అంది, నీ గుండె కూడా గాజేనా ఏమే అని. జసింతకు కోపం కూడా రాలేదు. వేళకు తిన్నది, వేళకు దుకాణం తెరిచింది, భర్తకు క్యారేజీ కట్టింది. లోపల ఏమీ కదలకపోయినా మనిషి పనులు చేసుకుపోవచ్చని ఆమెకు అప్పుడే తెలిసింది.

మరియదాసు పేరు పల్నాడులో తెలియనివాళ్ళే ఎక్కువ. ఆయన అద్దాలు చూడని క్రైస్తవులు మాత్రం తక్కువ. పటాలకు అద్దాలు కోసే దుకాణంలో పదమూడేళ్ళకు చేరినవాడు. చెయ్యి నిలకడ చూసి ఓ ముసలి ఫాదర్ గారు బెంగుళూరులో సిస్టర్లు నడిపే పనిశాలకు పంపారు. నాలుగేళ్ళు అక్కడ నేర్చుకుని, తిరిగొచ్చి నరసరావుపేటలో మేరీమాత గ్లాస్ వర్క్స్ పెట్టాడు. మాచర్ల నుంచి నకరికల్లు దాకా నలభై ఒక్క గుళ్ళకు కిటికీలు చేశాడు. లూథరన్లకు పునీతులు పనికిరారు, మంచి కాపరి చాలు. బాప్తిస్టులకు బొమ్మే వద్దు, ద్రాక్షతీగలుంటే సరి. గురజాల వైపు ఓ మసీదుకు ఎనిమిది కోణాల నక్షత్రాలు చేసిపెడితే, ఆ ఊరి జుబేర్ సాయిబు పదేళ్ళపాటు రంజానుకు సేమ్యా పంపాడు.

బొమ్మలు ఎవరి దగ్గరా తెచ్చుకునేవాడు కాదు, తనే గీసేవాడు. ఆయన బెత్లెహేములో పశువులకు మన ఒంగోలు గిత్తల మూపురాలుంటాయి. తిరుకుటుంబం ఐగుప్తుకు పారిపోయే దారిలో ఎండబోసిన మిరపకాయల కళ్ళాలుంటాయి. ఎర్రగాజు అన్నిట్లోకీ ఖరీదు, దాన్ని తీసుకెళ్ళి మిరపకాయలకు వాడతావా అని ఓ ఫాదర్ గారు విసుక్కుంటే, ఐగుప్తు నేను చూళ్ళేదు ఫాదర్, మాచర్ల దారి చూశా అన్నాడట. మన గుళ్ళలో ఫ్యాను రెక్కకు కూడా దాత పేరు రాయిస్తారు. ఆయన కిటికీల కిందా దాతల పేర్లే ఉన్నాయి. చేసినవాడి పేరు ఎక్కడా లేదు, రాయమని ఆయన అడగనూ లేదు. ఇప్పుడు ఆ పనికి గిరాకీ లేదు. రంగు కాగితం అంటిస్తే రంగుటద్దమే. జసింత చేసేది బాత్రూము తలుపులు, చేపల తొట్లు, బీరువా అద్దాలు.

ఎర్రగుంటపాలెం కిటికీలో ముఖాలు మాత్రం మరియదాసు గీసినవి కావు. ఆ సంగతి ఇంటికి తప్ప బయటికి తెలియదు. అవి జసింత గీసినవి, పదిహేడేళ్ళప్పుడు.

ఈ పనిలో ఎరుపూ నీలం గాజులోనే ఉంటాయి, కోసి సీసం పట్టీలతో అతికితే సరిపోతుంది. ముఖం అట్లా కుదరదు. లేత గాజు మీద నల్ల పొడిని తుమ్మబంకలో కలిపి కుంచెతో కళ్ళూ ముక్కూ గీయాలి. ఆ ముక్కను బట్టీలో పెట్టి ఆరువందల యాభై డిగ్రీల దాకా కాల్చాలి. అప్పుడు గీత కరిగి గాజులో కలిసిపోతుంది, నూరేళ్ళైనా చెక్కు చెదరదు. సరిగ్గా కాలకపోతే పైకి బాగానే కనపడుతుంది గానీ లోపల పట్టు ఉండదు. బట్టీలోంచి తీసిన ప్రతి ముక్కనూ మరియదాసు అంచున బొటనవేలి గోటితో ఒక్క గీకు గీకేవాడు. గోటికి నలుపు అంటకపోతే కాలినట్టు.

ఆమె ముఖాలు గీసిన ఆ ఏడూ, శివరాత్రి నాడే అది జరిగింది. గుడి పండుగ ఇక వారమే ఉంది, బట్టలూ చేతులూ కాలడం అయిపోయింది, ముఖాలు మిగిలాయి. మరియదాసు చట్రం బిగించడానికి ఎర్రగుంటపాలెం పోతూ పొద్దున్నే బట్టీ పెట్టించి కూతురికి అప్పజెప్పాడు. మధ్యలో కరెంటు పోతే కదిలించొద్దు, వచ్చాక మళ్ళీ మొదట్నుంచి పెట్టి చివరిదాకా కూర్చో అన్నాడు. ఐదొందలు దాటుతుండగా కరెంటు పోయింది. ఇంటర్ స్నేహితురాళ్ళు వచ్చి ప్రభలు చూద్దాం రమ్మన్నారు. జసింత బట్టీ స్విచ్చి ఆపేసి వెళ్ళింది. ప్రభలూ, రంగులరాట్నం, చెరుకురసం, అన్నీ అయి చీకటిపడే వేళకు ఇల్లు చేరింది. కరెంటు ఎప్పుడో వచ్చేసింది. మళ్ళీ మొదట్నుంచి పెడితే ఆరుగంటలు. తండ్రి వచ్చి అయిందా అమ్మా అని అడిగితే, అయింది నాన్నా అంది.

మర్నాడు బట్టీ తీస్తే ముఖాలు బాగానే ఉన్నాయి. మరియదాసు బాలయేసు ముక్కను వెలుతురుకు పట్టి చూశాడు. అంచున గోటితో గీకాడు. ఆయన గోరు లుంగీకి తుడుచుకుని, బాగుందమ్మా అని, సీసం పట్టీ అందుకున్నాడు.

అంతే, బతికిపోయాననుకుంది. అయినా మళ్ళీ ఆ పని జోలికి పోలేదు. ఆ తర్వాత తండ్రి ఎన్నిసార్లు కుంచె చేతికిచ్చినా ముఖాలు నావల్ల కాదు, గాజు కోసే పని చేస్తానంది. కానీ ప్రతి పండుగకూ ఎర్రగుంటపాలెం వెళ్ళేది. ఏటేటా ముఖాలు నిలిచే ఉండేవి, నిన్న గీసినట్టు. సగం కాలినా తన గీత నిలబడిందని లోపల్లోపల మురిసిపోయేది. బాలయేసు ఎడమ కన్ను కాస్త పెద్దదైంది, అది ఆమె చేసిన తప్పే, ఆ తప్పు కూడా ముద్దొచ్చేది. జన్మలో ఒక్క మంచి పని చేశాను, అది ఇది అనుకునేది. మరియదాసేమో పండుగకు వారం ముందు ఒక్కడే వెళ్ళి ఆ గుడి అద్దాలు తుడిచి వచ్చేవాడు. నలభై గుళ్ళుండగా అదొక్కటే ఎందుకు తుడుస్తావని ఎవరూ అడగలేదు. మొక్కేమో అనుకున్నారు. ఆయన పోయిన మరుసటేడు జసింత పండుగకు వెళ్ళలేదు.

కమిటీ కూర్చునే ఆదివారం, ఎర్రగుంటపాలెం గుడిలో పూజంతా ఆమె కిటికీ వైపే చూస్తూ కూర్చుంది. శౌరయ్య చెప్పింది నిజమే. మూడు మెడల మీద మూడు లేత గాజు ముక్కలు, ఖాళీగా. జోజప్ప చిత్రిక పడుతున్నాడు, కళ్ళు లేవు. పొద్దుటి వెలుతురులో కూడా బాలయేసు చెంప దగ్గర ఓ నల్లటి పెచ్చు వేలాడుతుండడం కనపడుతోంది. పూజ అయ్యాక నిచ్చెన వేసుకుని ఎక్కి, ఆ పెచ్చును వేళ్ళతో తీసింది. అది బట్టీ నలుపు కాదు. వార్నిషు కలిపిన రంగు, బోర్డుల మీద పేర్లు రాసే రంగు. తను గీసిన నలుపు కోసం గాజంతా తడిమింది. ఒక్క గీత లేదు.

కిందికి దిగేసరికి శౌరయ్య ఓ గుడ్డసంచి తెచ్చి చేతిలో పెట్టాడు. మరియదాసుది. గురువుల వస్త్రాలుండే గదిలో బీరువా కింద ఎప్పుడూ అక్కడే ఉండేదట.

"వచ్చినప్పుడల్లా తలుపులేసుకుని పూటంతా లోపలే ఉండేవాడమ్మా. దుమ్ము పడిద్ది, ఎవుర్నీ రానీబాకు అనేవాడు. ప్రార్థన జేసుకుంటన్నాడని నేనూ కదిలించేవాణ్ణి గాదు."

సంచిలో రెండు కుంచెలు, ఎండిపోయిన వార్నిషు డబ్బా, చుట్టగా చుట్టిన కాగితాలు ఉన్నాయి. జసింత బల్ల మీద పరిచింది. అడుగున ఉన్నది తన కాగితమే, పదిహేడేళ్ళప్పటిది, మూడు ముఖాల నమూనా. దాని మీద వరసగా మరియదాసు కాగితాలు, ఒక్కోదాని మూల ఏ సంవత్సరమో వేసి ఉంది. ఇరవై రెండు ఉన్నాయి. మొదటివాటిలో గీత ఆయనదే, బరువుగా, పట్టుగా, పెద్దవాడి చెయ్యి. మూడేళ్ళు పోయేసరికి తేలికపడింది. ఆ తర్వాత అది ఆయన చెయ్యి అని చెప్పడం కష్టం. యాభై, అరవై, డెబ్బై ఏళ్ళ మనిషి ఏటా కూర్చుని పదిహేడేళ్ళ పిల్లలా గీయడం నేర్చుకున్నాడు. బాలయేసు ఎడమ కన్ను ఇరవై రెండు కాగితాల్లోనూ పెద్దగానే ఉంది. ఎక్కడా సరిచెయ్యలేదు. చివరి రెండు మూడేళ్ళలో గీతలు వణికాయి, కన్ను కొలత మాత్రం తప్పలేదు.

అప్పుడు ఆమెకు ఆ గోరు గుర్తొచ్చింది. ఏమీ అంటకపోతే లుంగీకి తుడుచుకోవడం ఎందుకు?

మళ్ళీ కాలిస్తే కాలడానికి ఒక రోజు, చల్లారడానికి ఒక రోజు. అతుకు ఆరాలి, పండుగకు అందదు. అందుకని అప్పుడు ఊరుకున్నాడు, సరే. పండుగ వెళ్ళాక తీసుకొచ్చి కాల్చొచ్చుగా? కాల్చాలంటే బట్టీ ఇంట్లో ఉంది, కూతురు ఇంట్లో ఉంది. ఆమె అబద్ధం తను కనిపెట్టాడన్న ఆ ఒక్క మాట కూతురికి తెలియకూడదని, ఇరవై రెండేళ్ళు నకరికల్లు బస్సెక్కాడు. ఒక్కసారి తిడితే పోయేది కదా అనుకుంది జసింత. ఆమెకు జాలి వెయ్యలేదు, కోపమొచ్చింది. అదీ ఎక్కువసేపు నిలవలేదు. కాగితాలు చుట్టి చంకన పెట్టుకుంది.

కమిటీ గుడి పక్క వరండాలో కూర్చుంది. ఫాదర్ బాలశౌరి గారు ఈ గుడి విచారణకు వచ్చి ఏడాది కాలేదు, మరియదాసును చూడలేదు, అందుకని ఎవరినీ నొప్పించకుండా మాట్లాడారు. రిటైరైన హెడ్మాస్టరు చిన్నపరెడ్డికి ఆ మొహమాటం లేదు. అప్పట్లో కిటికీ ఇప్పించింది వాళ్ళ కుటుంబమే, కింద పేరు వాళ్ళ నాయనదే. బట్టలు నిలిచి ముఖాలే పోయాయంటే ముఖాలకు నాసిరకం వాడాడని అర్థం, ఇందులో తెలియందేముంది అన్నాడు. ఇట్టాంటివి ఇంకెన్ని గుళ్ళలో ఉన్నాయో అన్నాడు.

జసింత ఏదో ఒక మాట ముందే సిద్ధం చేసుకునే వచ్చింది. పడమటి ఎండ అనో, తుఫాను అనో అంటే సరిపోతుంది. నమ్మేవాళ్ళు నమ్ముతారు, లేనివాళ్ళు లేదు, తన సంగతి బయటికి రాదు. నలభై ఒక్క గుళ్ళలో తండ్రి పేరు ఎవరికీ తెలియకపోయినా చెడలేదు. ఇక తెలిస్తే మోసగాడన్న పేరుతోనే తెలుస్తుంది. ఆమె లేచి నిలబడింది.

"ఆ ముఖాలు మా నాన్న గీసినయ్యి గాదు మాష్టారూ. నేను గీశా. బట్టీ సగంలో ఆగిపోతే, కాల్చానని అబద్ధం జెప్పి ప్రభలు జూట్టానికి పోయా. రంగులో కల్తీ లేదు."

శౌరయ్య తల దించుకున్నాడు. మీ నాన్నకి తెలుసా అని చిన్నపరెడ్డి అడిగాడు.

"ఆ రోజే తెలుసు. నాకు తెలియనియ్యకూడదని ఏటా వచ్చి మళ్ళీ గీసిపోయాడు. నాకు ఇయ్యాల తెలిసింది."

ఆమె కాగితాల చుట్ట ఆయన ముందు విప్పింది. చిన్నపరెడ్డి కళ్ళజోడు పెట్టుకుని ఒక్కోటీ తిప్పాడు. బడిపిల్లల పేపర్లు నలభై ఏళ్ళు దిద్దినవాడు, చూచిరాత ఎక్కడున్నా కనిపెడతాడు. చివరి కాగితం దాకా చూసి, అన్నీ సరిచేసి మళ్ళీ చుట్టాడు. కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకున్నాడు.

"ఎన్ని రోజులు పట్టిద్దమ్మా?" అన్నాడు.

సోమవారం ఆమె సీసం పట్టీల పెదవుల్లాంటి అంచులు కత్తితో మెల్లగా తెరిచి, మూడు ముక్కలూ ఊడదీసి, ఆ ఖాళీల్లో అట్టలు పెట్టి ఇల్లు చేరింది. బట్టీ గోడౌనులో పాత తలుపుల వెనక ఉంది. కాయిల్ మార్పించింది. నల్ల పొడి తండ్రి సీసాలోనే ఇంకా ఉంది, తుమ్మబంక బజారులో దొరికింది. గీయడానికి కూర్చుని తన పాత కాగితం గాజు కింద పెట్టింది, అరచెయ్యి ఆనించింది, గీత రాలేదు. ఇరవై నాలుగేళ్ళయింది, ఆ చెయ్యి ఎటుపోయిందో పోయింది. అప్పుడు ఆ కాగితం తీసేసి తండ్రిది పెట్టింది, వణుకు ఇంకా రానప్పటిది, పదకొండో ఏటిది. దాని మీద మెల్లగా గీసుకుంటూ పోయింది. ఎడమ కన్ను దగ్గర కుంచె ఆగింది. ఇప్పుడైతే దాన్ని సరిచెయ్యడం ఆమెకు తెలుసు. పెద్దగానే గీసింది.

బుధవారం పొద్దున ఆరింటికి బట్టీ పెట్టింది. దుకాణం తెరవలేదు, ఫోను ఆపేసింది. స్టూలు వేసుకుని దాని ముందు కూర్చుంది. ఫిలోమినా కాఫీ తెచ్చి పెట్టి, ఎందుకే అట్టా కాపలా, అది ఎటన్నా పారిపోయిద్దా అని వెళ్ళిపోయింది. ఐదొందలు దాటింది. కరెంటు పోలేదు. ఆరొందలు దాటింది. ఆరువందల యాభై దగ్గర కాసేపు నిలబెట్టి, కట్టేసి, మర్నాటి మధ్యాహ్నం దాకా మూత ముట్టుకోలేదు.

గురువారం భోజనాల వేళకు మూత తీసింది. బాలయేసు ముక్క చేతిలోకి తీసుకుని కిటికీ దగ్గరికి పోయి వెలుతురుకు పట్టింది. ఎడమ కన్ను పెద్దదిగా, తేటగా ఆమెనే చూస్తోంది. అంచున బొటనవేలి గోటితో గీకింది, తండ్రి గీకినట్టే, ఒక్క గీకు. గోరు చూసుకుంది. నలుపు లేదు. అయినా ఆ గోటిని తీసుకెళ్ళి చీర కుచ్చిళ్ళకు తుడుచుకుంది.

అన్నానికి పిలవడానికి వచ్చిన ఫిలోమినా గుమ్మంలోనే ఆగిపోయింది. కూతురు నేల మీద చతికిలబడి, గాజుముక్కను ఒళ్ళో పెట్టుకుని, పెద్దగా ఏడుస్తోంది. ఈ రెండేళ్ళలో కూతురు ఏడవగా ఫిలోమినా చూడలేదు. ఏందే, పగిలిందా, తెగిందా, ఏదీ చెయ్యి అంటూ వచ్చి పక్కన కూలబడింది.

"పగల్లేదమ్మా. కాలింది" అంది జసింత. "ఈసారి కాలింది."